పాత వీడియో గేములు – ఇంట్లో పసివాడు

తెనాలి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. అందులో మూడున్నర పేజీలు వాళ్ళాయన మీద ఫిర్యాదే. సారాంశం ఇది:

"మావారికి నలభై రెండేళ్ళు. ఉద్యోగం బాగానే చేస్తారు. తాగుడు, సిగరెట్లు లేవు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో పక్కింట్లో ఆడిన వీడియో గేముల మీద రెండేళ్ళ కిందట మళ్ళీ మోజు పుట్టింది. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగి పాత పెట్టెలు, కార్ట్రిడ్జిలు ఏరుకొస్తారు. జపాను నుంచి పోస్టులో తెప్పిస్తారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి చేత కూడా ఒక పెట్టె తెప్పించారు. వీటికోసం ఒక పాత డొక్కు టీవీ కొన్నారు. రాత్రి రెండింటిదాకా ఆడతారు. పొద్దున్న లేచి బొటనవేలు నొప్పి అంటారు. పదకొండేళ్ళ మా పెద్దవాడు ఆయన పక్కన చేరి ఒక్కోసారి కొయ్యబొమ్మలా చూస్తూ ఉండిపోతాడు, పిలిస్తే పలకడు. ఇది పిచ్చా డాక్టరుగారూ? తగ్గడానికి మాత్రలేమైనా ఉన్నాయా? కార్ట్రిడ్జి పనిచెయ్యకపోతే తండ్రీకొడుకులు దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదుతారు. ఒకరి ఎంగిలి ఒకరికి అంటి క్షయ వస్తుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?"

ఆ తర్వాత, సంతకం పెట్టేముందు, ఊరికే రాసినట్టు ఒక మాట రాశారు. "ఏడాదిన్నర మా చిన్నవాడు మాత్రం బుద్ధిమంతుడు. వాళ్ళ నాన్న కార్ట్రిడ్జిలు విప్పి తీసిన వాచీ బిళ్ళలు బిస్కట్ల డబ్బాలో వేసి ఇస్తే గలగలలాడించుకుంటూ గంటసేపు ఆడుకుంటాడు."

ఇది చదివాక మిగతా ఉత్తరం నాకు కనబడలేదు. అడుగున ఫోను నంబరు ఉంది గనక, పత్రికలో జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా వెంటనే ఫోను చేశాను. ముందు ఆ డబ్బా లాక్కోమన్నాను. మీవారు ఎన్ని కార్ట్రిడ్జిలు విప్పారో అడిగి బిళ్ళలు లెక్కపెట్టమన్నాను. విప్పినవి పదకొండు. డబ్బాలో ఉన్నవి పది.

పిల్లవాడు నిక్షేపంగా నవ్వుతూ తిరుగుతున్నాడట. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా సరే, ముందు ఎక్స్‌రే, ఇల్లు వెతకడం తర్వాత అన్నాను. మెడ దగ్గర్నుంచి పొత్తికడుపుదాకా ఎక్స్‌రే తీశారు. దేవుడి దయవల్ల ఏమీ లేదు. పదకొండో బిళ్ళ ఆ సాయంత్రం పెద్దవాడి జామెట్రీ బాక్సులో దొరికింది. "అనవసరంగా హడలగొట్టారు డాక్టరుగారూ" అన్నారు ఆమె. మళ్ళీ ఇలాంటి ఉత్తరం వస్తే మళ్ళీ ఇలాగే హడలగొడతాను. ఎందుకో చెబుతాను.

ఈ పాత ఆటల సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. జపానులో నింటెండో కంపెనీ 1983లో ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. అదే 1985లో ఎన్.ఈ.ఎస్. పేరుతో అమెరికా వెళ్ళింది. మన ఊళ్ళలో 1990 దశకంలో టీవీకి తగిలించుకుని ఆడినవి చాలావరకు దాని నకళ్ళే. యంత్రంలో దూర్చే ప్లాస్టిక్ డబ్బాయే కార్ట్రిడ్జి. ఒక్కో కార్ట్రిడ్జిలో ఒక్కో ఆట. మొదట్లో కరెంటు తీసేస్తే ఆట ఎక్కడిదాకా వచ్చిందో యంత్రం మరిచిపోయేది. అమెరికాలో 1987లో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ జెల్డా' కార్ట్రిడ్జి లోపల ఒక బిళ్ళ బ్యాటరీ పెట్టారు. కరెంటు లేకపోయినా ఆ జ్ఞాపకాన్ని నిలిపి ఉంచేది అదే. జపానులో 1996లో మొదలైన 'పోకెమాన్' కార్ట్రిడ్జిలలో కూడా అలాంటి బిళ్ళ ఉంది. (మన బజార్లో అమ్మిన నకలు కార్ట్రిడ్జిల్లో చాలావాటికి ఇది ఉండదు. అందులో చౌకరకానిదే మేలు అన్నమాట!)

ఈ బిళ్ళలు కార్ట్రిడ్జిలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏ హానీ లేదు. మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని మరలతో కంపెనీవాళ్ళు బిగించేశారు. కాని బ్యాటరీ కలకాలం ఉండదు కదా. పది, పదిహేను, ఇరవై ఏళ్ళకు చచ్చిపోతుంది. అప్పుడు సేకరణ చేసేవాళ్ళు ఆ మరలకు సరిపడే పనిముట్టు కొని, కార్ట్రిడ్జి విప్పి, పాత బిళ్ళ ఊడదీసి కొత్తది వేస్తారు. అన్నేళ్ళు తాళం వేసి ఉన్న వస్తువు ఇలా బల్లమీదికి, బల్లమీదినుంచి బిస్కట్ల డబ్బాలోకి వచ్చింది.

ఆ పనికి వాడేవాటిలో సీఆర్ 2025, సీఆర్ 2032 అనే రకాలు ఉన్నాయి. అడ్డం 20 మిల్లీమీటర్లు. సుమారుగా మన పాత పావలా అంత. అయిదారేళ్ళ లోపు పిల్లల గొంతులో సరిగ్గా ఇరుక్కునే కొలత ఇదే. పావలా ఇరుక్కుంటే అది ఇరుక్కుని ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు. అన్నవాహిక లోపలి తడిగోడలు బిళ్ళకు రెండు వైపులా తగలగానే కరెంటు ప్రవహించడం మొదలవుతుంది. దానివల్ల ఋణధ్రువం వైపు, అంటే బిళ్ళ చిన్నముఖం వైపు, అక్కడికక్కడే ఘాటైన క్షారం తయారవుతుంది. బట్టల సోడా కంటే తీవ్రమైనదని ఊహించుకోండి. బిళ్ళ పగలనక్కరలేదు, కారనక్కరలేదు. రెండు గంటల్లోనే లోతుగా కాలిపోవచ్చు. అన్నవాహికను ఆనుకుని ముందు గాలిగొట్టం, పక్కన గుండెనుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉన్నాయి. కాలడం అక్కడిదాకా పోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బిళ్ళ తీసేసిన తర్వాత కూడా కొన్ని రోజులకు, వారాలకు రక్తం కక్కుకున్న పిల్లలు ఉన్నారు.

"అది చచ్చిన బ్యాటరీ కదండీ" అని మీవారు అడిగారు. ఆటను గుర్తుపెట్టుకోవడానికి చాలని బ్యాటరీ గొంతు కాల్చడానికి చాలుతుంది. మూడు వోల్టుల బిళ్ళలో సగం మిగిలినా ఆ పని చేస్తుంది.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. రెండేళ్ళ పాప ఒక బొమ్మలోని బిళ్ళ మింగింది. మింగడం తల్లి చూసింది. ఎవరో "నాణెమైనా బిళ్ళయినా ఒకటే, అరటిపండు పెట్టండి, దొడ్డికి వచ్చేస్తుంది" అన్నారు. రెండు రోజులు అరటిపళ్ళు పెట్టి, దొడ్డి వెతికారు. మూడోరోజు చొంగ కారుస్తూ, పాలు కూడా మింగలేని స్థితిలో నా దగ్గరికి తెచ్చారు. పట్నం పంపి, ఎండోస్కోపీ చేయించి బిళ్ళ తీయించాం. పాప బతికింది. కాని కాలినచోట అన్నవాహిక మచ్చకట్టి మూసుకుపోయింది. మత్తు ఇచ్చి దాన్ని సాగదీయించడానికి ఆ తల్లి ఎన్నిసార్లు పట్నం తిరిగిందో! ఇప్పటికీ ఆ పిల్ల అన్నం ముద్ద నీళ్ళు తాగి మింగుతుంది.

అంచేత, బిళ్ళ మింగాడని అనుమానం కలిగితే చాలు, వాంతి చేయించకండి. వేలు పెట్టి కెలకకండి. అన్నం, అరటిపండు, పాలు ఏమీ పెట్టకండి. బాధ కనబడేదాకా ఆగకండి. 108కి ఫోను చేసో, ఉన్న బండెక్కో, ఎండోస్కోపీ ఉన్న పెద్ద ఆస్పత్రికి వెళ్ళండి. చేరగానే "బ్యాటరీ మింగాడు" అని పెద్దగా చెప్పండి, వరసలో కూర్చోకండి. ఎక్స్‌రేలో నాణెం ఒకే వలయంగా కనిపిస్తుంది, బిళ్ళ బ్యాటరీ అంచు రెండు వలయాలుగా కనిపిస్తుంది. ఏడాది నిండిన పిల్లవాడై, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె నాకించవచ్చు. ఆరుసార్లకు మించవద్దు. తేనె ఆ కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. అంతేగాని తేనె కోసం కొట్టు వెతుక్కుంటూ ఆలస్యం చెయ్యకండి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు వద్దు. ముక్కులోనో చెవిలోనో బిళ్ళ దూర్చుకున్నా ఇంతే తొందరపడాలి.

మింగడం ఎవరూ చూడకపోతే? అకస్మాత్తుగా చొంగ కార్చడం, అన్నం వద్దనడం, గొంతు బొంగురుపోవడం, కారణం లేని దగ్గు కనిపిస్తే, ఇంట్లో ఇలాంటి బిళ్ళలు ఉన్నాయన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. మాకు దివ్యదృష్టి లేదు.

తీసిన పాత బిళ్ళకు అప్పటికప్పుడే రెండువైపులా ప్లాస్టరు టేపు చుట్టి, తాళం ఉన్న చోట పెట్టండి. విప్పినన్ని లెక్క తేలేదాకా ఆ గదిలోకి పిల్లవాణ్ణి రానివ్వకండి. ఒక చిన్న విశేషం: నింటెండోవాళ్ళు 2017లో తెచ్చిన స్విచ్ యంత్రం కార్ట్రిడ్జిలకు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసేటంత చేదు మందు పూశారు. పాత కార్ట్రిడ్జిలకు అలాంటి దయ లేదు.

ఇక మీవారి బొటనవేలు. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1895లోనే స్విట్జర్లండు సర్జను డి కెర్వెయిన్ దీన్ని వర్ణించాడు. బొటనవేలిని వెనక్కి లాగే రెండు స్నాయువులు మణికట్టు పక్కన ఒక ఇరుకు తొడుగులోంచి పోతాయి. పొద్దస్తమానం ఆ వేలిని ఆడిస్తే తొడుగు వాచి, స్నాయువు కదిలినప్పుడల్లా ఒరుసుకుంటుంది. 1990లో అమెరికాలోని ఒక పేరున్న వైద్య పత్రికలో ఒక డాక్టరు దీనికి 'నింటెండినైటిస్' అని సరదాగా పేరు పెట్టాడు. ఆయన రోగి ముప్ఫై అయిదేళ్ళ స్త్రీ, అయిదు గంటలు ఆపకుండా ఆడిందట. అంటే ఇది కుర్రకారుకే వచ్చేది కాదు. పాత యంత్రాల మీట పలకలు చదునుగా, కోణాలతో ఉంటాయి. అరచేతికి ఆనుకునే ఒంపు ఉండదు. బరువంతా బొటనవేళ్ళ మీదే పడుతుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును చిటికెనవేలి వైపుకు మెల్లగా వంచాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన 'అబ్బా' అనిపిస్తే దాదాపుగా ఇదే. అలాకాక, రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది వేరే. నరం నొక్కుకుపోవడం. దానికి డాక్టరును కలవాలి.

మూడునాలుగు వారాలు ఆట మానాలి. సగం మానడం కుదరదు. బొటనవేలిని కదలనివ్వని పట్టీ వేసుకోవాలి. గుడ్డలో చుట్టిన ఐసు రోజుకు రెండుమూడుసార్లు పది నిమిషాలు పెట్టాలి. నొప్పి మాత్ర పరగడుపున వేసుకోకూడదు, అల్సరు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు అడగకుండా అసలు వేసుకోకూడదు. తగ్గకపోతే తొడుగులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షను చేస్తారు, చాలామందికి దాంతో నెమ్మదిస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఆ తర్వాత కొద్దిరోజులు షుగరు పెరుగుతుంది. నాటువైద్యుల చేత లాగించడం, తోమించడం వద్దు. వాచినదాన్ని తోమితే ఇంకా వాస్తుంది.

మీకూ ఒక మాట, అమ్మా. చంటిపిల్లల్ని చంకల కింద చేతులు పెట్టి పదేపదే ఎత్తే తల్లులకు ఇదే నొప్పి, ఇదే చోట వస్తుంది. ఆ పరీక్ష మీరూ చేసుకోండి. మీవారి నొప్పి మాత్రమే ఉత్తరంలోకి వచ్చింది. మీది ఉంటే మీరు రాసి ఉండరు.

పెద్దవాడు కొయ్యబొమ్మలా అయిపోవడం గురించి. ఆటలో మునిగిన పిల్లలు పిలిస్తే పలకరు, భర్తలూ పలకరు. అది జబ్బు కాదు. తేడా కనిపెట్టడానికి భుజం తట్టి చూడండి. తట్టినా తెలియకుండా, కళ్ళు నిలిచిపోయి, కొన్ని సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెడితే, చేతులు ఉలిక్కిపడ్డట్టు అదురుతుంటే, మూర్ఛలో ఒక రకం కావచ్చు. నరాల డాక్టరుకు చూపించి ఈ.ఈ.జీ. తీయించండి. మిణుకుమనే వెలుతురుకు మూర్ఛ వచ్చే స్వభావం మూర్ఛరోగుల్లో నూటికి సుమారు ముగ్గురికే ఉంటుంది, కాని ఎక్కువగా బయటపడేది బడి వయసులోనే. పోకెమాన్ ఆట మీద తీసిన టీవీ కార్టూనులో 1997 డిసెంబరు 16న ఎరుపు, నీలం రంగులు టపటపా మెరిశాయి. ఆ రాత్రి జపానులో 685 మంది పిల్లల్ని ఆస్పత్రులకు తీసుకువెళ్ళారు. అందరికీ మూర్ఛ రాలేదు, తలనొప్పి, వాంతులతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. పాత గాజు టీవీ దానంతట అదే కొద్దిగా మిణుకుతుంటుంది గనక దగ్గర కూర్చోనివ్వకండి, గదిలో లైటు ఆర్పనివ్వకండి. మెరుపులకు ఒంట్లో ఏదోలా ఉందంటే ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసుకుని అవతలికి తిరగమని నేర్పండి. రెండు కళ్ళూ ఊరికే మూసుకుంటే రెప్పల్లోంచి వెలుతురు పోతూనే ఉంటుంది. ఒకవేళ ఫిట్సు వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవులు వద్దు. అయిదు నిమిషాలకు తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

పిచ్చా అన్నారు. కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ జబ్బుల జాబితాలో వీడియో గేముల వ్యసనం 2022 నుంచి అమలులో ఉన్న మాట నిజమే. కాని దానికి ఆట మీద అదుపు తప్పడం, ఉద్యోగం, సంసారం అన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు ఉండాలి. మీ ఉత్తరంలో ఫీజులు కట్టే మనిషి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకునే మనిషి కనిపించాడు. తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళకు మాత్రలు ఇస్తామా? పాత టీవీ కొనడం కూడా వెర్రి కాదు. 'డక్ హంట్' ఆటలో తుపాకి ఆ గాజు తెర ముందు తప్ప పనిచెయ్యదు.

రాత్రి రెండింటిదాకా మేలుకోవడం మాత్రం తప్పే. నలభై దాటాక నిద్ర తగ్గితే బీపీ, షుగరు తలుపు తడతాయి. ఇందులో యంత్రం తప్పు కూడా కొంత ఉంది. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' లాంటి కార్ట్రిడ్జిలో బ్యాటరీ లేదు. మధ్యలో లేస్తే ఆడినదంతా పోతుంది. అందుకే 'ఇంకొక్కసారి, ఇంకొక్కసారి' అంటూ తెల్లవారుతుంది. అలాంటి ఆటలు ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకోమనండి. మామూలు రోజుల్లో ఆపి మళ్ళీ మొదలుపెట్టుకోగల బ్యాటరీ ఆటలు ఆడి, పదింటికి లేవమనండి.

ఆయన బల్ల గురించి రెండు ముక్కలు. టంకంలో సీసం ఉంటుంది. ఆ పని భోజనాల బల్ల మీద, పిల్లవాడు పాకే గదిలో చెయ్యకూడదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, బల్ల తడిగుడ్డతో తుడవాలి. మీ తమ్ముడు తెచ్చిన అమెరికా అడాప్టరు 120 వోల్టులది, జపానుది 100. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, ఇల్లూ అంటుకోవచ్చు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. ఆ టీవీ వెనక మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా గాజుగొట్టంలో వేల వోల్టులు నిలవ ఉండవచ్చు. తెలిసిన మెకానిక్కును పిలవండి.

ఇక అత్తగారి ప్రశ్న. క్షయ వస్తువుల మీదినుంచి అంటదు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించండి, కార్ట్రిడ్జిని అనుమానించకండి. జలుబుంటే మాత్రం ఒకరి తర్వాత ఒకరు ఊదిన దానితో అంటుకోవచ్చు. అయినా ఊదడం వల్ల కార్ట్రిడ్జికే చేటు. నోటి తడికి లోపలి రాగి పళ్ళు చిలుము పడతాయి. ఊదవద్దని నింటెండో కంపెనీయే చెప్పింది. దూదిపుల్లను ఐసోప్రోపైల్ ఆల్కహాలులో ముంచి తుడిచి, ఆరనిచ్చి పెట్టుకోవాలి. కిటికీ తీసి ఉంచి, దగ్గర్లో దీపం, అగరొత్తి లేకుండా చూసుకోవాలి. ఆ సీసా కూడా చిన్నవాడికి అందని చోటే ఉండాలి.